మూడు బారల దూరం

నాకు కోపం ఎక్కువని మా ఊళ్లో అందరూ అంటారు. నిజమే, ఎక్కువే. కానీ మూడేళ్ల పాటు నన్ను ‘మసక’ అని పిలిచినవాళ్లలో ఒక్కణ్ణి కూడా నేను కొట్టలేదు. ఆ ఓర్పు గురించి మాత్రం ఎవరూ ఒక్క మాట అనరు.

నా పేరు బెలయీద్. ఇది జరిగిన రోజుల్లో నాకు ఇరవై అయిదేళ్లు. తెల్లవారుజామున మా తాత దా బిహి పడవలో వేటకు పోవడం, మధ్యాహ్నం వలలు బాగుచేసుకోవడం, అల బాగా లేచిన రోజున పని ఎగ్గొట్టి స్నేహితులతో సముద్రంలో పడటం, ఇదీ నా బతుకు. మేం నలుగురం: బూజమా, ఎంబారక్, ఫరాజీ, నేను. వాళ్లు ముగ్గురూ బోర్డు మీద నిలబడి అలలెక్కేవాళ్లు. నేను నిలబడితే రాళ్ల మీద ఆల్చిప్పలు ఏరుకునే ఆడవాళ్లు పని ఆపి మరీ నవ్వేవాళ్లు. ఈతలో మాత్రం నన్ను మించినవాడు ఆ తీరంలో లేడు. ఇది గొప్పలు పోవడం కాదు, ఉన్న మాట.

మా నలుగురికీ కలిపి ఒక కెమెరా ఉండేది. నీళ్లలో ముంచినా చెక్కుచెదరని రకం. వ్యాను చెడిపోయి ఓ చలికాలమంతా మా ఊళ్లో ఇరుక్కుపోయిన జర్మనీవాడొకడు, ఎంబారక్ ఇంజను బాగుచేసినందుకూ, మా ఇళ్లలో తిన్న రొట్టెకూ చేపలకూ కలిపి దాన్ని మా చేతుల్లో పెట్టి పోయాడు. నలుగురికి ఒకే వస్తువు ఉంటే ఏం చెయ్యాలో మాకు ఎవరూ నేర్పక్కర్లేదు. మా ఊళ్లో అన్నీ వంతుల మీదే నడుస్తాయి. మేకలు తోలుకెళ్లడం వంతు, బావి పూడిక తియ్యడం వంతు, మసీదులో చదువు చెప్పే పంతులుగారికి భోజనం పంపడం వంతు. ఒకడి వంతును వాడు ఇంకొకడికి ఇవ్వొచ్చు గాని, ఇంకొకడు లాక్కోకూడదు. రీలులో ముప్పై ఆరు ఫొటోలు, మేం నలుగురం, మనిషికి తొమ్మిది. పదోది నొక్కినవాడు దొంగ.

ఆ కెమెరాలోంచి చూస్తే ఫొటో తేటగా వస్తుందో మసకగా వస్తుందో తెలీదు. ఎదుటి మనిషి ఎంత దూరంలో ఉన్నాడో కంటితో అంచనా వేసి, ఆ అంకె మీదికి ముందున్న మరను మనమే తిప్పాలి. మిగతా ముగ్గురూ ఆ గొడవే పెట్టుకునేవాళ్లు కాదు. అలలు విరగని చోట హాయిగా తేలుతూ, మరను చివర్న ఉన్న, ‘ఎంత దూరమైనా’ అని అర్థమొచ్చే పడుకున్న ఎనిమిది గుర్తు దాకా తిప్పేసి దూరం నుంచి నొక్కేవాళ్లు. ఫొటోలు తేటగానే వచ్చేవి. అందులో సముద్రం ఉండేది, ఆకాశం ఉండేది, వాటి మధ్య చీమంత మనిషి ఉండేవాడు. ఆ చీమ ఎవరో వాళ్లలో వాళ్లే పోట్లాడుకునేవాళ్లు.

నేను అలా తియ్యను. ఈత వచ్చినవాణ్ణి, అల విరిగే చోటికే పోతాను. ఎదురుగా వస్తున్న మనిషి పళ్లు లెక్కపెట్టగలిగేంత దగ్గరికి వచ్చాకే నొక్కుతాను. కానీ మూడేళ్లలో నావి ఒక్కటీ తేటగా రాలేదు. ఒక్కటంటే ఒక్కటి.

ఆ డిసెంబరులో ఓ సాయంత్రం ఎంబారక్ గ్యారేజీ మేడ మీద చేరాం. అగాదిర్‌లో కాలేజీ చదువుతున్న ఫరాజీ, కడిగించిన ఫొటోల కవరు పట్టుకుని అప్పుడే బస్సు దిగాడు. పుదీనా టీ, వేడి రొట్టె, గిన్నెలో బాదం నూరి కలిపిన అమ్లూ. బూజమా ఫొటోలు పేకముక్కల్లా పంచుతున్నాడు. వాళ్ల నాన్నది బట్టల కొట్టు. మా నలుగురిలో అలలెక్కడంలో వాడే మేటి, నోరు పారేసుకోవడంలో కూడా.

“ఇవి నావి. ఇవి ఫరాజీవి. ఇదిగో, ఇవి మన మసక దొరగారివి,” అన్నాడు బూజమా. “చూడండ్రా, ఇందులో ఉన్నది మనిషో మేకో చెప్పినోడికి నా రొట్టె ఇచ్చేస్తా.”

“మేకే,” అన్నాడు ఎంబారక్. “కొమ్ములు కనపడ్డంలా?”

“అవి నీ చేతులురా, వెధవా,” అన్నాను.

“నావా? నేను అంత పొగలా ఎప్పుడున్నాన్రా?”

అందరూ పడీ పడీ నవ్వారు. నేనూ నవ్వానని అబద్ధం చెప్పను. అల కింద ఊపిరి బిగబట్టుకుని, నోటినిండా ఉప్పునీళ్లు మింగుతూ తీసిన ఫొటోలవి. ఒడ్డుకొచ్చిన ప్రతిసారీ ఇదే వచ్చిందనుకునేవాణ్ణి.

ఫరాజీ నెమ్మదస్తుడు. అందుకే వాడు మాట్లాడితే ఎక్కువ నొప్పి. “బెలయీద్, కోప్పడకు. మూడేళ్లయింది. ప్రతి రీల్లోనూ తొమ్మిది వృథా. మనకి రీళ్లేమన్నా చెట్లకి కాస్తున్నాయా?”

“అయితే ఏమంటావ్? నా వంతు లాక్కుంటారా?”

“లాక్కోవడం మన ఊళ్లో లేదు కదా,” అన్నాడు బూజమా. “నువ్వే ఇచ్చెయ్. ఇప్పుడు కెమెరాలో ఉన్న రీలు ఉందే, అందులో చివరి తొమ్మిది నీవి. వాటిల్లో ఒక్కటి తేటగా వస్తే మేం నోరు మూసుకుంటాం. రాలేదనుకో, నీ వంతు మా బావ ముహంద్‌కి ఇచ్చెయ్. ఆయనకి కళ్లున్నాయి.”

“నాకు లేవా?”

“ఉన్నాయిరా. పొగ పట్టాయి.”

కోపంలో మనిషి ఏమంటాడో ఆ మనిషికే తెలీదు. “ఇచ్చేస్తాను పో. మాటిస్తున్నాను,” అని లేచి మెట్లు దిగేశాను. సగం దారిలో గాని తెలిసిరాలేదు, ఎంత పని చేశానో. ఆ కెమెరా లేకపోతే అలల్లో నాకేం పని? బోర్డు మీద నిలబడలేను. ఒడ్డున కూర్చుని వాళ్ల తువ్వాళ్లకు కాపలా కాయాలి. ఆ రాత్రి నిద్రపోలేదు.

రెండు రోజుల తర్వాత నా పాత నెగటివ్‌లన్నీ ఒక డబ్బాలో వేసుకుని అగాదిర్ బస్సెక్కాను. మా రీళ్లు కడిగేది సీ జిలాలి అనే పెద్దాయన. బజారు వెనక సందులో చిన్న స్టూడియో, ముందు గదిలో పాస్‌పోర్టు ఫొటోలు, వెనక చీకటి గది. ఆయన్ని నేనెప్పుడూ చూడలేదు, ఫరాజీయే పోయివచ్చేవాడు. కళ్లజోడు నుదుటి మీదికి తోసుకుని, ఎవరి మీదో ఒకరి మీద విసుక్కుంటూ ఉండే మనిషి.

“అయ్యా, నేను బెలయీద్‌ని. మా ఊరి రీళ్లు మీరే కడుగుతారు కదా,” అన్నాను.

“ఓహో! చివరి తొమ్మిదీ మసగ్గా తీసేది నువ్వేనా?” అన్నాడాయన. “రోజూ అనుకుంటాను, ఈ తొమ్మిది తీసినవాణ్ణి ఒక్కసారి చూడాలని. కూర్చో.”

అగాదిర్ దాకా పాకిందన్నమాట నా పేరు. తల ఎక్కడ పెట్టుకోవాలో తెలీలేదు.

సీ జిలాలి నా నెగటివ్‌లు లైటు పెట్టె మీద పరిచి, భూతద్దం కంటికి ఆనించి, ఒక్కొక్కటే జరుపుతూ పోయాడు. చివరికి భూతద్దం నా చేతికిచ్చాడు.

“మనిషిని చూడకు. మనిషికి ముందు నీటి తుంపర్లున్నాయి చూడు. ఎలా ఉన్నాయి?”

చూశాను. “తేటగా ఉన్నాయి.”

“ఇందులో?”

“ఇందులోనూ అంతే.”

“ప్రతిదాన్లోనూ అంతే. చేతులు వణికినవాడి ఫొటో మొత్తం మసగ్గా ఉంటుంది. నీది అలా కాదు. నువ్వు ప్రతిసారీ మనిషికి ముందున్న నీళ్లని ఫొటో తీస్తున్నావు. అదీ ఒకే లెక్కలో. నువ్వు చేతకానివాడివి కాదయ్యా, పద్ధతిగా తప్పు చేస్తున్నావు.” ఆయన చుట్టూ చూసి వీధి గుమ్మం వైపు వేలు చూపించాడు. “ఆ తలుపు ఎంత దూరం ఉంది?”

“రెండు.”

“రెండేంటి?”

“రెండు బారలు.”

సీ జిలాలి కళ్లజోడు నుదుటి మీంచి దించి కళ్లకు పెట్టుకున్నాడు. “కెమెరా మీద ఎంత పెడతావు?”

“రెండు.”

“ఓరి నీ తెలివి తెల్లారా!” అంటూ ఆయన కుర్చీలోంచి లేచాడు. “దాని మీద ఉన్నవి మీటర్లయ్యా! బారలనుకున్నావా?”

నేను బారలనుకోలేదు, మీటర్లనీ అనుకోలేదు. అసలు ఏమీ అనుకోలేదు. ఆరో ఏట నుంచి దా బిహి పడవలో ఉన్నవాణ్ణి. వల పొడుగెంత అంటే బారలు, నీటి లోతెంత అంటే బారలు, పక్క పడవ ఎంత దూరమంటే బారలు. రెండు చేతులూ చాపితే ఎంతో అంత. చీకట్లో అయినా, పొగమంచులో అయినా, చూడగానే ఇన్ని బారలని నోటికొచ్చేస్తుంది. అంకె అంటే నా మటుకు బారే. బూజమా బట్టల కొట్టువాడు, ఎంబారక్ మెకానిక్కు, ఫరాజీ చదువుకున్నవాడు. వాళ్లకి ఈ తప్పు ఎప్పటికీ రాదు. పడవ మనిషికే వస్తుంది.

ఆయన టేపు తెచ్చి నా రెండు చేతులూ చాపించి కొలిచాడు. ఒక మీటరు, పైన డెబ్బై ఎనిమిది. తర్వాత తలుపు దాకా కొలిచాడు. మూడు మీటర్ల యాభై అయిదు. టేపు వంకా నా వంకా మార్చి మార్చి చూశాడు.

“ఇంకోటి చెప్పు. ఆ ఎదురు గోడ మీద గడియారం?”

“మూడుకి జానెడు తక్కువ.”

కొలిచాడు. సరిగ్గా జానెడే తక్కువ. సీ జిలాలి టేపు చుట్టేసి, లోపలికెళ్లి రెండు గ్లాసుల టీ తెచ్చాడు.

“నలభై ఏళ్లుగా ఫొటోలు తీస్తున్నాను. నాకే ఇలాంటి కన్ను లేదు,” అన్నాడు. “కోపం రావడం లేదా నీకు?”

“వస్తోంది.”

“ఎవరి మీద?”

“తెలీడం లేదు సీ జిలాలీ. ముందు సంతోషం అయిపోనివ్వండి.”

మూడేళ్లు నన్ను నేను గుడ్డివాడి కింద జమకట్టుకున్నాను. నా కన్ను ఒక్కసారి కూడా తప్పు చెప్పలేదట.

ఊరికొచ్చాక ఈ సంగతి స్నేహితులెవరికీ చెప్పలేదు. చెబితే ఏమవుతుంది? ఇంకో నెల నవ్వుకోవడానికి సరుకు దొరుకుతుంది. ఫొటోలే చెప్పాలి అనుకున్నాను. కానీ మీటర్లు నాకు అలవాటు కావడం లేదు. మీటరు పొడుగు తాడు ముక్క కోసుకుని ఒడ్డున రోజూ సాధన చేశాను. రాయిని చూడగానే నోట్లో మూడు అని పుడుతోంది, దాన్ని అయిదు చేసేసరికి అల వెళ్లిపోతోంది. ఇరవై ఏళ్ల అలవాటు వారంలో పోతుందా?

దారి చూపించింది మా అక్క తూదా. “కాగితం మీద రాసుకో,” అంది. నీళ్లలో కాగితం ఎక్కడుంటుందే అన్నాను. “అయితే చెయ్యి చాపు,” అని గోరింటాకు నూరిన గిన్నె తెచ్చింది. ముంజేతి మీద వరసగా రాసింది. ఒక బారకి ఒకటి పాయింట్ ఎనిమిది. ఒకటిన్నరకి రెండు పాయింట్ ఏడు. రెండుకి మూడున్నర. మూడుకి అయిదు పాయింట్ మూడు. రాత్రంతా చేతికి గుడ్డ చుట్టుకుని పడుకున్నాను. తెల్లారేసరికి అంకెలు ఎర్రగా పండాయి. “నీకు మంచి పెళ్లాం వస్తుందిరా,” అని నవ్వింది అక్క.

జనవరి రెండో వారంలో సముద్రం లేచింది.

అంతకు ముందు రోజు నుంచే దా బిహి నీళ్ల వంక చూసి పడవలు పైకి లాగించేశాడు. పొద్దున లేచేసరికి ఇంట్లో కిటికీ తలుపులు అదురుతున్నాయి. గుట్ట చివర రాయికి అవతల నుంచి అలలు వరసలు కట్టి వస్తున్నాయి, ఒక్కొక్కటీ మసీదు గోడంత ఎత్తు, ఎక్కడా చెదరకుండా అటు కొస నుంచి ఇటు రేవు దాకా గుండ్రంగా చుట్టుకుంటూ విరుగుతోంది. వేట లేదు గనక ఊరంతా రాళ్ల మీదికి చేరింది. పాతికేళ్లలో ఇలాంటి సముద్రం చూడలేదని ముసలాళ్లు చెప్పుకుంటున్నారు.

మేం నలుగురం రేవు దగ్గర కలిశాం. కెమెరా నా చేతిలో ఉంది. రీల్లో ఇరవై ఏడు అయిపోయాయి, మిగిలినవి నా తొమ్మిదే.

బూజమా కెమెరాని చూశాడు, సముద్రాన్ని చూశాడు, నన్ను చూశాడు. “బెలయీద్, ఇవాళ ఒక్కరోజు ఆ వంతు ఎంబారక్‌కివ్వు. మళ్లీ రీల్లో పద్దెనిమిది నువ్వు తీసుకో.”

“ఇవ్వను.”

“ఒరేయ్, ఇలాంటి సముద్రం మళ్లీ మనం ముసలాళ్లమయ్యాక గాని రాదు. దాన్ని తీసుకెళ్లి నీ పొగలో కలుపుతావా? దండం పెడతాను.”

“పెట్టు. ఇవ్వను.”

“ఇంకో రీలు కూడా లేదు,” అన్నాడు ఫరాజీ దిగులుగా. “కొందామనుకుంటూనే ఉన్నాను.”

అప్పుడు ఎంబారక్ నా చెయ్యి పట్టుకుని పైకెత్తాడు. “ఏంట్రా ఇది? గోరింటాకు!”

బూజమాకి కోపంలోనూ నవ్వాగలేదు. “పెళ్లికొడుకా! ఎవర్రా పిల్ల? ఇవాళ సముద్రంలో పెళ్లా నీకు?”

“పెళ్లి కాదు, నీ నోటికి తద్దినం,” అనేసి నేను నీళ్లలోకి దూకాను.

పైకి అలా అన్నానే గాని, లోపల భయంగానే ఉంది. అలకి కాదు, అల నాకు తెలుసు. ఈ తొమ్మిదీ పోతే నా వంతు పోవడమే కాదు, ఊరు పాతికేళ్లకు చూసిన సముద్రాన్ని పాడుచేసిన మనిషిగా మిగులుతాను. ఆ మాట నా పిల్లలకి కూడా తగులుకుంటుంది.

అల విరిగే చోటు చేరడానికి అరగంట పట్టింది. నురగ మీద పడ్డప్పుడల్లా కెమెరాని కడుపుకి హత్తుకుని మునిగాను. ముందుగా ఎంబారక్ వచ్చాడు. మూడు బారలు. చెయ్యి చూశాను, అయిదు పాయింట్ మూడు. మర తిప్పి నొక్కాను. మీట లాగాను. ఒకటి. రెండోది కూడా వాడిదే. అప్పుడు చూసుకుంటే అద్దం మీద నీటిబొట్లు. నాలుకతో నాకి శుభ్రం చేశాను. అలా నాకి నీళ్లలో ముంచితే నీళ్లు బొట్లు కట్టవు, పొరలా జారిపోతాయి. తెలిసిన పనే, హడావిడిలో మర్చిపోయాను. రెండు పోయాయి. ఏడున్నాయి.

ఫరాజీ వచ్చాడు, రెండు బారలు, మూడున్నర. బాగుంది. వాడే మళ్లీ, పడిపోతూ. తర్వాత ఒక పెద్ద అల నన్ను పట్టుకుని అడుక్కి తొక్కి, ఇసకలో పొర్లించి, ఎటు పైనో ఎటు కిందో తెలీకుండా చేసి వదిలింది. పైకి తేలి ఊపిరి పీల్చుకునేసరికి ఒడ్డు మీంచి కేకలు. చెయ్యి ఊపాను, బతికే ఉన్నానని. ఆ చెయ్యే దించి అంకెలు చూసుకున్నాను. ఎర్రగా అలాగే ఉన్నాయి. ఇంకో నాలుగు తీశాను. మిగిలింది ఒకటి.

అప్పుడు బూజమా లేచాడు.

ఆ రోజు వచ్చిన వాటిల్లోకెల్లా అదే పెద్ద అల. వాడు పైనుంచి జారి కిందికొచ్చి ఒళ్లు దగ్గరికి ముడుచుకున్నాడు. అల వాడి మీంచి వంగి ముందుకు పడింది. వాడు లోపలే ఉండిపోయాడు. ఒడ్డున ఉన్నవాళ్లకి వాడు మాయమైపోయాడు. నాకు ఒక్కడికే కనిపిస్తున్నాడు. ఆ నీళ్ల గుహ కొసన, వాడికి సరిగ్గా ఎదురుగా నేనున్నాను. నాలుగు బారలు. మూడు. ఇప్పుడు నొక్కితే ఫొటో వస్తుంది, నాకు మునిగిపోవడానికి టైమూ ఉంటుంది. కానీ వాడి మొహం ఇంకా నీడలో ఉంది. రెండు బారలు. వాడు నన్ను చూశాడు. నోరు తెరిచి ఏదో అరిచాడు. గుహ అంచు దాటి వెలుగులోకి వస్తున్నాడు. ఒకటిన్నర. మర రెండు పాయింట్ ఏడు మీదికి తిప్పాను. నొక్కాను. మునిగాను. బోర్డు రెక్క నా భుజం మీద చొక్కానీ చర్మాన్నీ చీల్చుకుంటూ పోయింది.

ఒడ్డుకొచ్చేసరికి బూజమా ఊగిపోతున్నాడు. “చచ్చేవాడివి కదరా! కాస్తలో తల పగిలేది! తప్పుకోమంటే తప్పుకోవేం?”

“తప్పుకుంటే ఫొటో ఎవడు తీస్తాడు?”

“తొమ్మిదీ అయిపోయాయా?”

“అయిపోయాయి.”

వాడు ఇసకలో కూలబడ్డాడు. “నేను ఎంత లోపలున్నానో నీకు తెలుసా? నా జన్మలో అలాంటి అల ఎక్కలేదు. ఒడ్డున ఒక్కడికీ కనపడలేదు. పడిపోయానంటున్నారు అందరూ. చూసినవాడివి నువ్వొక్కడివే, నువ్వేమో...” అని ఆపేశాడు. మసక అనలేకపోయాడు, ఏడుపొచ్చింది వాడికి. నాకు మొదటిసారి వాడి మీద జాలేసింది. నా పోయే వంతు కంటే వాడు పోగొట్టుకున్నది పెద్దదనిపించింది.

మర్నాడు నలుగురం కలిసి బస్సెక్కాం. సీ జిలాలి రీలు తీసుకుని, నా మొహం చూసి నేరుగా చీకటి గదిలోకి వెళ్లాడు. మేం ముందు గదిలో, పాస్‌పోర్టు ఫొటోల నీలం తెర ముందు, బల్ల మీద వరసగా కూర్చున్నాం. రెండున్నర గంటలు. వీధిలో నారింజ రసం అమ్మేవాడు మూడుసార్లు పిలిచాడు. ఎవరికీ దాహం వెయ్యలేదు.

ఆయన వచ్చి, నా తొమ్మిది ప్రింట్లు బల్ల మీద ఒక్కొక్కటే పెట్టాడు.

మొదటిది. ఎంబారక్ మొహం మీద నీటిబొట్టు ముద్ర. రెండోదీ అంతే.

“చెప్పలా?” అన్నాడు బూజమా నీరసంగా. “మావాడి చెయ్యి మారదు.”

“నువ్వు కాసేపు నోరు మూసుకుంటావా, అబ్బాయ్?” అని సీ జిలాలి మూడోది పెట్టాడు.

ఫరాజీ. వాడి కనురెప్పల మీద నీటిచుక్కలు లెక్కపెట్టొచ్చు. ఫరాజీ ముందుకి వంగాడు, మళ్లీ వెనక్కి జరిగాడు. “ఇదెవరు తీశారు?” అన్నాడు పిచ్చివాడిలా. నాలుగోది. అయిదోది. ఎంబారక్ నా భుజం పట్టుకుని నొక్కుతున్నాడు, గాయమైన భుజమే, నేను అరవలేదు. ఆరు, ఏడు, ఎనిమిది. అన్నీ తేటగా ఉన్నాయి. వీధిలోకి పోయి గంతులెయ్యాలనిపించింది. కూర్చునే ఉన్నాను. బూజమాది ఇంకా రాలేదు.

సీ జిలాలి తొమ్మిదోది చేతిలో పట్టుకుని ఓ క్షణం నిలబడ్డాడు. ఇది మిగతావాటి కంటే పెద్దదిగా వేశాడు. మేం అడక్కుండానే, అంత పెద్దగా.

నీళ్ల గుహ అంతా పచ్చటి వెలుగు. దాని నడిమధ్యలోంచి బూజమా వస్తున్నాడు. మోకాళ్లు ముడిచి, ఒక చెయ్యి నీళ్లగోడ మీద ఆనించి, అంత పెద్ద అల లోపల ఇంట్లో ఉన్నంత నిబ్బరంగా. వాడి వెనక గుహ ఎంత పొడుగుందో కనిపిస్తోంది. ఎంత లోపల్నుంచి వచ్చాడో ఇక ఎవడూ కాదనలేడు. గడ్డం మీద చిన్న మచ్చ, పై వరసలో విరిగిన పన్ను, అన్నీ ఉన్నాయి. నోరు మాత్రం బార్లా తెరిచి ఉంది.

సీ జిలాలి భూతద్దం తీసి వాడి పెదాల మీద పెట్టాడు. “ఇక్కడ ఏమంటున్నాడీయన? ‘గా’ దగ్గర ఉంది నోరు.”

“గాడిదా అన్నాను,” అన్నాడు బూజమా.

ఎంబారక్ కింద పడి దొర్లాడు. ఫరాజీ లాంటి నెమ్మదస్తుడు బల్ల మీద గుద్ది గుద్ది నవ్వాడు. సీ జిలాలి కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. తీసినవాణ్ణి తిడుతుండగా తీసిన ఫొటో, ఆ తిట్టు కూడా చదువుకోగలిగేంత తేటగా!

బూజమా నవ్వలేదు. ఆ ఫొటోని రెండు చేతులతో పట్టుకుని మొహం దగ్గరికి తెచ్చుకున్నాడు. పన్నెండేళ్లుగా అలలెక్కుతున్నాడు, ఎక్కుతున్నప్పుడు తను ఎలా ఉంటాడో వాడికి తెలీదు. ఈ మూడేళ్లూ ఫొటోల్లో చీమంత మనిషినే చూసుకున్నాడు.

“ఇది నేనేనా?” అన్నాడు.

“నువ్వేరా,” అన్నాను.

“ఇంత లోపలున్నానా?”

“ఉన్నావు. నేను చూశాను.”

వాడి కళ్లలోంచి నీళ్లు కారిపోయాయి. తుడుచుకోలేదు. నాకూ ఆగలేదు, నేనూ దాచుకోలేదు. కాసేపయ్యాక వాడు ఫొటో బల్ల మీద పెట్టి, నా గోరింటాకు చెయ్యి తీసుకుని, ఆ అంకెల్ని పైనుంచి కిందికి చదువుకున్నాడు. అవేంటని అడగలేదు.

“వచ్చే రీల్లో నా తొమ్మిదీ నీకే,” అన్నాడు. “లాక్కోవడం కాదు. నేనే ఇస్తున్నాను.”

“నావి కూడా తీసుకో,” అన్నాడు ఎంబారక్ నేల మీంచి.

ఫరాజీ నిట్టూర్చాడు. “మిగిలిన తొమ్మిదితో నేనేం చేసుకోను? నా చీమల్ని ఎవడు చూస్తాడిక?”

ఇలాంటప్పుడు మా ఊళ్లో పెద్దమనుషులైతే వద్దు వద్దని నాలుగుసార్లు అని, అయిదోసారి తలొంచుకుని ఒప్పుకుంటారు. నేను ఒక్కసారి కూడా వద్దనలేదు. ముప్పై ఆరూ తీసుకున్నాను.